సమ్ముఖం లేని సదస్సు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకుని హిజ్లీ ఉంది. అక్కడ ఎత్తైన బురుజు ఉన్న ఒక పాత భవనం నిలిచి ఉంది. 1930లో ఆంగ్ల ప్రభుత్వం ఇక్కడ నిర్బంధ శిబిరం తెరిచింది. బెంగాల్ జైళ్ళు సత్యాగ్రహులతో, విప్లవకారులతో నిండిపోయి చోటు చాలకపోవడంతో, విచారణ లేకుండా పట్టుకొచ్చిన యువకులను ఇక్కడ ఉంచారు. పాలకుల భాషలో దాని పేరు భద్రత. 1931 సెప్టెంబరు 16 రాత్రి కావలి పోలీసులు నిరాయుధులైన ఆ నిర్బంధితుల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. సుభాష్ చంద్ర బోస్ వచ్చి వారి భౌతిక కాయాలను తీసుకువెళ్ళారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తా బహిరంగ సభలో నిరసన పలికారు.

అదే సెప్టెంబరులో లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం నడుస్తోంది. అక్కడ బాబాసాహెబ్ అంబేడ్కర్ పోరాడింది ఒక్క మాట కోసం. అంటరానివారి తరఫున తామే మాట్లాడతామని కాంగ్రెస్ పక్షాన వచ్చిన గాంధీ అన్నారు. కుదరదు, మా మాట మేమే చెప్పుకుంటాం అన్నారు బాబాసాహెబ్. ఒకచోట మాట్లాడే అవకాశమే లేకుండా తుపాకులు పేలాయి. ఇంకొకచోట మాట్లాడే బల్ల ఉంది గాని, ఎవరి బాధ ఎవరు చెప్పాలన్న దగ్గరే పేచీ వచ్చింది. ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాం.

హిజ్లీ చరిత్ర అక్కడితో ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌లో మకాం వేసింది. చుట్టుపక్కల విమానాశ్రయాల నుంచి బయలుదేరిన బి-29 బాంబర్లు చైనా మీదుగా జపాన్ నగరాల మీదికి వెళ్ళాయి. దాని పేరూ భద్రతే. స్వాతంత్ర్యం వచ్చాక దేశపు మొదటి ఐఐటీ ఇక్కడే పుట్టింది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దాన్ని ప్రారంభించారు. నాటి జైలు భవనం ఇప్పుడు హిజ్లీ శహీద్ భవన్. అందులో నెహ్రూ పేరు మీద సైన్సు మ్యూజియం నడుస్తోంది. నిర్బంధ శిబిరం విద్యాలయం కావడం మంచి మార్పే. అయితే భవనం మారినంత తేలికగా భద్రత అనే మాటకు అర్థం మారిందా అన్నది వేరే ప్రశ్న.

ఈ కాలంలో శాంతి, సంఘర్షణ, భద్రత అనే మూడు మాటలూ ఒకే బ్యానరు మీదికి చేరాయి. విశ్వవిద్యాలయాల సెమినార్లు, స్వచ్ఛంద సంస్థల శిక్షణ శిబిరాలు, మన బౌద్ధ సంఘాల వర్క్‌షాపులు అన్నీ దాదాపు ఒకే తీరున నడుస్తున్నాయి. జ్యోతి వెలిగించడమో బుద్ధ వందనమో, ముఖ్య అతిథి ఉపన్యాసం, భోజనం, గ్రూపు చర్చ, సర్టిఫికెట్లు, ఫోటో. వీటిని వేళాకోళం చేయడం మా ఉద్దేశం కాదు. కొన్నిటికి మేమే కుర్చీలు వేశాం, మేమే మైకు పట్టుకున్నాం. కనుక ఈ విమర్శ మాకూ తగులుతుంది. తగవు పడ్డవాళ్ళు లేని గదిలో తగవు గురించి ఎంత చక్కగా మాట్లాడినా, బుద్ధుని సంఘం లెక్కలో అది తగవు తీర్చడం కిందికి రాదు. ఈ మాట మా సొంతం కాదు. వినయ పిటకం చెప్పిందీ, బాబాసాహెబ్ రాసి చూపించిందీ ఇదే.

రోహిణి ఘట్టాన్ని సగమే చదివాం

బాబాసాహెబ్ మహాపరినిర్వాణం తరువాత 1957లో వెలువడిన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ మన ఇళ్ళలో ఉంది. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 29 ఏళ్ళు వచ్చేదాకా ఇవేవీ ఆయన కంట పడలేదంటే ఎలా నమ్మడమని పీఠికలోనే అడిగారు. ఆ కథ స్థానంలో శాక్యులకూ కోలియులకూ మధ్య రోహిణీ నది నీటి మీద వచ్చిన తగవును నిలిపారు. మన సభల్లో వక్తలు సరిగ్గా ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. కట్టుకథ పోయింది, హేతువు నిలిచింది అని చప్పట్లు కొట్టి తరువాతి అంశంలోకి వెళతాం. మా దృష్టిలో ఆ ఘట్టం అసలు బలం ఆ తరువాతి పేజీల్లో ఉంది. అవి ఒక సమావేశం ఎలా జరిగిందో, ఎక్కడ చెడిందో చెప్పే పేజీలు.

క్రమం చూడండి. సిద్ధార్థుడు 20వ ఏట శాక్య సంఘంలో సభ్యుడయ్యాడు. సభ్యత్వం ఎనిమిదో ఏట నీటి దగ్గర ఇరువైపుల పనివాళ్ళూ కొట్టుకున్నారు. ఇరువైపులా గాయపడ్డారు. సేనాపతి సంఘాన్ని పిలిచి యుద్ధ తీర్మానం పెట్టాడు. సిద్ధార్థుడు లేచి, మనవాళ్ళు కూడా దౌర్జన్యం చేశారని వింటున్నాను, ముందు తప్పెవరిదో విచారిద్దాం అన్నాడు. మన నుంచి ఇద్దరు, వాళ్ళ నుంచి ఇద్దరు, ఆ నలుగురూ ఎన్నుకున్న అయిదో మనిషి, ఈ అయిదుగురూ కూర్చుని తగవు తీర్చాలని సవరణ ప్రతిపాదించాడు. దాన్ని బలపరిచినవారూ ఉన్నారు. ఓటింగులో సవరణ ఓడిపోయింది. మర్నాడు 20 నుంచి 50 ఏళ్ళ మధ్య శాక్యులంతా సైన్యంలో చేరాలన్న తీర్మానం వచ్చింది. నిన్న యుద్ధం వద్దన్నవాళ్ళు ఈ రోజు నోరు మెదపలేదు. సిద్ధార్థుడొక్కడే లేచి నేను చేరనన్నాడు. అప్పుడు సేనాపతి తన చేతిలో ఉన్న ఆయుధం చూపించాడు. నీ కుటుంబాన్ని సాంఘికంగా బహిష్కరిస్తాం, భూములు లాక్కుంటాం అన్నాడు. తన మాటకు ఇంటివాళ్ళు బలి కాకూడదని సిద్ధార్థుడు తానే పరివ్రాజకుడై దేశం విడిచాడు.

ఇందులో మనం సాధారణంగా చెప్పుకోని సంగతులు మూడు. మొదటిది, ఆయన శాంతి ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు. మనవైపు తప్పు ఏమిటని అడిగాడు. రెండోది, తీర్పరులను ఎవరు ఎన్నుకోవాలో లెక్కతో సహా చెప్పాడు. అవతలి పక్షానికీ సమానంగా చోటు ఇచ్చాడు. మూడోది, మెజారిటీ సక్రమంగానే ఓటు వేసి గెలిచింది, కాని భిన్నంగా మాట్లాడినవాణ్ణి బహిష్కరణతో బెదిరించింది. సభా నియమాలన్నీ పాటించిన సభ కూడా న్యాయం తప్పగలదని బాబాసాహెబ్ మనకు చూపించారు.

కథ చివర ఇంకా ముఖ్యం. సిద్ధార్థుడు వెళ్ళిపోయాక యుద్ధం వద్దంటూ రెండు వైపులా జనం కదిలారు. ఇరు సంఘాలూ ప్రతినిధులను ఎన్నుకుని మాట్లాడుకున్నాయి. నీటి తగవుల కోసం శాశ్వత మధ్యవర్తి మండలి ఏర్పడింది. సభలో ఓడిన సవరణ వీధిలో గెలిచింది. ఈ కబురు విని కూడా సిద్ధార్థుడు ఇంటికి తిరిగి వెళ్ళలేదు. దేశాల మధ్య యుద్ధం ఎప్పుడో వస్తుంది, వర్గాల మధ్య సంఘర్షణ ఎడతెగకుండా సాగుతుంది, లోకంలోని దుఃఖానికి మూలం అక్కడుందని ఆయన ఆలోచన సాగినట్టు బాబాసాహెబ్ రాశారు. సరిహద్దు, సైన్యం, ఉగ్రవాదం అన్న వరుసతో మొదలై అక్కడే ముగిసే భద్రతా సదస్సులకు ఈ ఒక్క ఆలోచన చాలినంత విమర్శ.

హిజ్లీ విద్యాలయం ముద్ర మీది సూక్తి భగవద్గీత రెండో అధ్యాయంలోది. పనిలో నేర్పు గురించిన మాట అది, చదువుల సంస్థకు అతికినట్టే కనిపిస్తుంది. కాని ఆ గ్రంథంలో విల్లు కింద పెట్టిన యోధుడికి నచ్చజెప్పి మళ్ళీ విల్లు పట్టిస్తారు. రోహిణి ఘట్టంలో ఆయుధం పట్టనన్నవాణ్ణి సంఘం నిలుపుకోలేకపోయింది. పనిలో నేర్పు సరే, ఏ పనిలో నేర్పు అన్న ప్రశ్న ఈ రెండు గ్రంథాల మధ్య నిలబడి ఉంది. బాంబర్లు ఎగిరిన నేల మీద ఆ ప్రశ్న అడగడం అతి కాదు.

సమ్ముఖా వినయం

సంఘంలో తగవులు తీర్చడానికి వినయ పిటకం ఏడు పద్ధతులు చెప్పింది. వాటిలో మొదటిది సమ్ముఖా వినయం. సంఘం ఎదుట, ధమ్మం ఎదుట, వినయం ఎదుట, తగవు పడ్డ మనుషుల ఎదుట మాత్రమే తగవు తీరాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా తీర్పు చెల్లదు. అభిప్రాయాలు కలవకపోతే శలాకలు, అంటే ఓటు పుల్లలు, పంచి మెజారిటీ తేల్చే పద్ధతి ఉంది. ప్రతిపాదన పెట్టడం, దాన్ని సభకు వినిపించడం, ఒప్పుకోనివారు నోరు విప్పి చెప్పడం అన్నిటికీ నియమాలున్నాయి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గుర్తు చేసింది వీటినే. పార్లమెంటు పద్ధతులు బౌద్ధ సంఘాలకు కొత్త కావని, కూర్చునే క్రమం, తీర్మానం, కోరం, ఓటింగు అన్నీ అవి ఎరిగినవేనని ఆయన చెప్పారు.

కోసంబి భిక్షువుల కథ ఇంకొక పాఠం. చిన్న విషయం మీద సంఘం రెండుగా చీలింది. సాక్షాత్తు బుద్ధుడే హితవు చెప్పినా వాళ్ళు వినలేదు. ఆయన వాళ్ళను వదిలి అడవికి వెళ్ళిపోయాడు. వాళ్ళను దారికి తెచ్చింది ఊరి ఉపాసకులు. దండం పెట్టడం మానారు, భిక్ష వేయడం మానారు. ఆకలి తెలిశాక భిక్షువులు బుద్ధుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరారు. బుద్ధుని ఉపన్యాసం వల్లే కానిది ముఖ్య అతిథి గంట ఉపన్యాసం వల్ల అవుతుందని మనం ఎలా అనుకుంటున్నాం? భిక్ష వేసే చేతులు కలిసి నిలబడ్డప్పుడే ఆ తగవు కదిలింది.

ఏడు పద్ధతుల్లో చివరిది తిణవత్థారకం, గడ్డి కప్పడం. ఇరువైపులా మాటా మాటా పెరిగి, తవ్వితే సంఘమే చీలిపోయే పరిస్థితిలో, ఇద్దరూ ఒప్పుకుని చిల్లర తప్పుల మీద గడ్డి కప్పేయవచ్చు. దీనికి మినహాయింపులున్నాయి. ఘోరమైన దోషాలకు ఇది వర్తించదు. గృహస్థులకు చేసిన అపచారాలకు వర్తించదు. ఒప్పుకోనివారికీ, ఆ సభలో లేనివారికీ వర్తించదు. మన ఊళ్ళ పెద్దమనుషుల రాజీని ఈ కొలతతో కొలిచి చూడండి. దాడి జరుగుతుంది, కేసు పెడతారు, పోలీసు స్టేషను అరుగు మీదనో సర్పంచి ఇంట్లోనో శాంతి కమిటీ కూర్చుంటుంది. దెబ్బలు తిన్న మనిషి వాకిట్లో నిలబడి ఉంటాడు. లోపల అతని తరఫున గడ్డి కప్పేస్తారు. ఊరు ప్రశాంతంగా ఉందని మర్నాడు పేపర్లో వస్తుంది. వినయం ప్రకారం ఆ రాజీ మొత్తం చెల్లదు.

చుండూరు దగ్గర నిలబడి

సేనాపతి సిద్ధార్థుడికి చూపించిన ఆయుధం తెలుగు నేల మీద బాగా తెలిసినదే. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితుల మీద ముందు సాంఘిక బహిష్కరణ వచ్చింది. ఆ తరువాత 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు ఆనాడు సానుభూతి సభలతో తృప్తి పడలేదు. విచారణ తమ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. పట్నం కోర్టు మెట్ల దగ్గర తలవంచి నిలబడే మనుషులు తమ నేల మీద నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. ఆ రెండో తీర్పు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అయినా మా మాట ఇది: సంఘర్షణ పరిష్కారం అనే పాఠం చెప్పదలచినవారికి చుండూరు ప్రజలు పెట్టిన డిమాండు కంటే మంచి ఉదాహరణ తెలుగు దేశంలో దొరకదు. అది సమ్ముఖా వినయమే. వాళ్ళు దాన్ని ఏ శిక్షణ శిబిరంలోనూ నేర్చుకోలేదు.

ఇంకొక ఉదాహరణ శాంతి చర్చలు. 1997లో ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరుగా ఏర్పడిన పౌర స్పందన వేదిక ఏళ్ళ తరబడి ప్రభుత్వంతోనూ నక్సలైట్లతోనూ మాట్లాడింది. వెట్టి చాకిరి రద్దు కోసం, దళితుల భూమి కోసం అధికారిగా పనిచేసిన శంకరన్‌ను 1987లో తోటి అధికారులతో పాటు నక్సలైట్లు గుర్తేడు దగ్గర బందీగా పట్టుకున్నారు. ఆ అనుభవం తరువాత కూడా ఆయన ఇరుపక్షాలనూ ఒక బల్ల దగ్గరికి తేవడానికే పూనుకున్నారు. 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో చర్చలు జరిగాయి. రెండో విడత జరగలేదు, 2005 జనవరికల్లా తుపాకులు మళ్ళీ మాట్లాడాయి. చర్చలు విఫలమయ్యాయని తేలిగ్గా అంటారు. నిజమే. కాని ఎదురెదురుగా కూర్చున్న ఆ నాలుగు రోజులకు పరోక్షంగా సాగే వంద సెమినార్లు సాటి రావు. మా అసంతృప్తి వేరే ఉంది. చర్చల్లో భూమి గురించి మాట్లాడారు, ఆ భూమి దక్కవలసిన కూలి మనిషికి మాత్రం బల్ల దగ్గర కుర్చీ లేదు.

ఖరగ్‌పూర్ తెలుగు నోళ్ళు

మళ్ళీ హిజ్లీకి వద్దాం. ఖరగ్‌పూర్‌లో మన మాట వినిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర మనుషులు అక్కడి వర్క్‌షాపులోకీ పట్టాల పనిలోకీ వెళ్ళి తరతరాలుగా ఉండిపోయారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. తరువాత కేంద్ర కార్మిక మంత్రిగా ఆయన ఒక వాదన చేశారు. కార్మికుల తగవును పైనుంచి ట్రిబ్యునల్ తీర్చడం కంటే, కార్మికులూ యాజమాన్యమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడం మేలన్నారు. గిరి మార్గమని దానికి పేరు పడింది. ఆయన కంటే ముందు 1942 ఆగస్టులో వైస్రాయి కౌన్సిల్ కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ ఢిల్లీలో కార్మిక మహాసభ నడిపారు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూర్చున్న సభ అది. బాబాసాహెబ్ సదస్సులు పెట్టినప్పుడు కుర్చీలు ఎవరికి వేశారో మనం ఇక్కడ నేర్చుకోవాలి.

అదే ఊళ్ళో ఈ కాలపు సంగతి ఒకటి. 2021 ఏప్రిల్‌లో హిజ్లీ విద్యాలయంలో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల సన్నాహక కోర్సు ఆన్‌లైన్ తరగతిలో ఒక అధ్యాపకురాలు విద్యార్థులను దుర్భాషలాడింది. వీడియో బయటికి రావడంతో దేశమంతా చూసింది. సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది. ఆ పిల్లలకు భద్రత అంటే గేటు దగ్గర కాపలా కాదు. తరగతిలో భయం లేకుండా కూర్చోవడం, అర్థం కాని ప్రశ్న భయం లేకుండా అడగడం. వీడియో ఉంది గనుక ఈ మాట వినబడింది. వీడియో లేని గదుల సంగతి ఏ భద్రతా సదస్సు ఎజెండాలో ఉంది?

మనం పెట్టుకోవలసిన నియమాలు

శిక్షణ శిబిరాలు వద్దని మేము అనడం లేదు. వజ్జీలు తరచూ సమావేశమైనంత కాలం, నిండు సభగా కలిసినంత కాలం వాళ్ళకు క్షీణత లేదని బుద్ధుడే చెప్పాడు. ఎక్కువగానే కలుద్దాం. కలిసే పద్ధతి మార్చుకుందాం.

శాంతి అన్న పెద్ద మాటతో కాక ఒక పేరున్న తగవుతో శిబిరం మొదలు కావాలి. వీధి కుళాయి, శ్మశానానికి దారి, హాస్టల్ భోజనం, రెండు బౌద్ధ సంఘాల మధ్య విహారం తాళం చెవి, ఏదైనా సరే. ఆ తగవులో ఉన్నవాళ్ళు గదిలో ఉండాలి. రాలేకపోతే గదే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, చుండూరుకు కోర్టు వెళ్ళినట్టు. మొదటి ప్రశ్న సిద్ధార్థుడిదే కావాలి: మనవైపు తప్పు ఏమిటి? అయితే ఈ ప్రశ్నను దెబ్బలు తిన్నవాడి మీదికి తిప్పకూడదు. బలం ఉన్నవైపు నుంచే అది మొదలు కావాలి. రోహిణి తగవు దాదాపు సమానమైన ఇద్దరి మధ్య తగవు. కులం తగవు అలాంటిది కాదు.

ఒప్పుకోనివారి మాట మినిట్స్‌లో ఎక్కాలి, వాళ్ళ మీద కక్ష ఉండకూడదు. మన సంఘాల్లో నాయకుణ్ణి ప్రశ్నించినవాళ్ళు మరుసటి సభ కరపత్రంలో పేరు లేకుండా పోవడం మనం చూడనిది కాదు. అదీ చిన్న బహిష్కరణే. తీర్మానం చేశాక తిరిగి కలిసే తేదీ అక్కడే వేసుకోవాలి. ఆ తేదీన ఏమి జరిగిందో ఏమి జరగలేదో చెప్పాలి. చివరి గంట సర్టిఫికెట్లకు కాకుండా పవారణకు ఇవ్వాలి. వర్షావాసం ముగిసినప్పుడు భిక్షువులు తమ తప్పులు చూసినా, విన్నా, అనుమానించినా చెప్పమని తోటివారిని అడుగుతారు. నిర్వాహకులం మేము కూడా అలా అడగాలి. ముఖ్య అతిథి కూడా అడగాలి.

హిజ్లీలో చనిపోయిన ఆ ఇద్దరికీ విచారణ దక్కలేదు. ఏ సభ ముందూ వాళ్ళు తమ మాట చెప్పుకోలేదు. సెప్టెంబరు 16న వాళ్ళకు దండలు వేసేవారు ఉన్నారు, అది మంచిదే. బౌద్ధులం కనుక మనం ఆ రోజుకు ఇంకొక పని కలుపుదాం. మన ఊళ్ళో, మన వాడలో, మన సంఘంలో మాట చెప్పుకునే చోటు దొరకనివారు ఎవరో వెతికి, ఆ రోజు ఒక కుర్చీ వాళ్ళకు వేద్దాం. ముందు వాళ్ళను మాట్లాడనిద్దాం.